ముక్కు మొదట్లో తెల్ల చుక్క

పదకొండో భాగం

పోయిన వారం కథ గుమ్మం దగ్గర ఆగింది. హెల్డర్‌బీ గ్రంథాలయం మేడ మీది గదిలో, శనివారం మధ్యాహ్నం, బయట ఏప్రిల్ వాన సన్నగా పడుతుండగా, ముగ్గురు మనుషులు టీ బల్ల చుట్టూ కూర్చున్నారు. బ్రిటన్ పిట్టల మీద, అవి కాపురముండే చోట్ల మీద ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో వ్యాసాలు రాయడం వాళ్ల పని. పని అన్నానే గాని దానికి జీతమూ లేదు, బత్తెమూ లేదు, మెచ్చుకునే నాథుడూ లేడు. అప్పుడు తలుపు తోసుకుని ముప్పయ్యేళ్ల అమ్మాయి ఒకతె లోపలికొచ్చింది. కారుతున్న గొడుగు మూలన ఆనించి, "ఉత్తరగాలిని నేనే," అంది.

ఉత్తరగాలి అన్నది వాడుకరి పేరు. అక్కడ రాసేవాళ్లలో చాలామంది ఇలాంటి ముసుగు పేర్లతోనే తిరుగుతారు. ఎల్లర్‌హోమ్ చిత్తడి అడవి మీద ఆ ముగ్గురిలో బెరిల్ ఓల్డ్‌రాయిడ్, లెన్ పాష్లీ కలిసి ఏళ్ల తరబడి కూర్చిన వ్యాసం వెనకాల చర్చా పేజీ ఒకటుంది. చలికాలం నుంచి ఆ పేజీలో ఈ ఉత్తరగాలి వాళ్లిద్దర్నీ వేపుకు తింటోంది. ఈ అంకెకు మూలమేది, ఆ మాట ఎవరన్నారు, ఈ వాక్యం కాస్త అతిగా లేదూ అని. బెరిల్ ఆ ఉత్తరగాలిని బట్టతల, పొగాకు కంపు, చాలినంత పెన్షను ఉన్న పెద్దమనిషిగా ఊహించుకుని ఇన్నాళ్లూ మనసులో తిట్టుకుంది. తీరా చూస్తే పసుపు వానకోటు వేసుకున్న పిల్ల.

"రా తల్లీ, కూర్చో," అన్నాడు క్లైవ్ బ్రామ్లీ, కుర్చీ జరిపి. క్లైవ్ ఒకప్పుడు బస్సు నడిపేవాడు. విజ్ఞానసర్వస్వంలో బాతుల వ్యాసాల్లో సగం ఆయనవే. "గాలి అంటే ఇంకాస్త లావుగా ఉంటుందనుకున్నా. ఇదిగో, పార్కిన్ కేకు ముక్క తిను. మా ఆవిడ చేసింది, పళ్లు జాగ్రత్త."

అమ్మాయి కూర్చుంది గాని కేకు ముట్టుకోలేదు. "ముందు నేనొక మాట చెప్పాలి. నా పేరు టామ్సిన్ రీడ్. బైపాస్ రోడ్డు వేసేవాళ్లకి పక్షులు, మొక్కలు సర్వే చేసిపెట్టే సంస్థలో పని చేస్తాను. నా వాడుకరి పేజీలో నిన్ననే ఆ సంగతి రాశాను. జీతం తీసుకుంటూ రాసేవాళ్లు దాచకూడదు కదా, రూలు."

క్లైవ్ చేతిలో టీ కప్పు బల్ల మీదికి ఠక్కున దిగింది. "అదీ సంగతి! చూశావా కత్తెరమ్మా, నేను మొత్తుకోలా? ఎవరో పంపిన మనిషే అని చెప్పానా లేదా? మన గదిలోకొచ్చి, మన టీ తాగుతూ..."

"ఆ అమ్మాయికి ఇంకా టీ ఇవ్వలేదు క్లైవ్," అంది బెరిల్.

కత్తెరమ్మ అన్న బిరుదు బెరిల్‌కి ఊరికే రాలేదు. నలభయ్యేళ్లు బళ్లో భూగోళం చెప్పి, రిటైరయ్యాక ఇందులోకి దిగింది. ఎవరు ఏ వాక్యం రాసినా దానికి మూలం చూపించలేకపోతే కచక్‌మని కత్తిరించేది. "మా తాత చూశాడు", "మా ఊళ్లో అందరికీ తెలుసు", "నా కళ్లారా చూశాను" అన్నవి ఆమె దగ్గర చెల్లని నాణేలు. ఎక్కడో ఒకచోట అచ్చయి ఉండాలి, ఎవరైనా వెళ్లి చూసుకునేలా ఉండాలి. ఏళ్ల తరబడి అదే పాట పాడింది.

ఆ కత్తెర ఇప్పుడు ఎటు తిరుగుతుందోనని ఆమెకే భయంగా ఉంది. వచ్చే గురువారం కౌన్సిల్లో ఓటింగు. బైపాస్ ఎల్లర్‌హోమ్ మధ్యలోంచి పోవాలా, చుట్టూ తిరిగి పోవాలా అన్నది ఆ రోజు తేలిపోతుంది. ఎల్లర్‌హోమ్ అంటే మహా అందమైన చోటేమీ కాదు. బొగ్గుగని మూతపడ్డాక నేల కుంగింది, కుంగిన చోట నీళ్లు నిలిచాయి, ఆ నీళ్లలో విల్లో, ఆల్డర్, బర్చ్ చెట్లు ఇష్టమొచ్చినట్టు లేచాయి. బెరిల్ పెరటి కంచె అవతల అదే. పొద్దున్నే కిటికీ తీస్తే ఆమెకి కనపడేది ఆ బురద, ఆ పొదలే. అవంటే ఆమెకు ప్రాణం.

రోడ్డుని చుట్టూ తిప్పించగలిగేది ఒక్క విల్లో పిట్ట. పిడికిలంత ఉండదు. బూడిద రంగు ఒళ్లు, తల మీద నల్ల టోపీ, గడ్డం కింద నల్ల మచ్చ. దేశంలో ఏటేటా కరిగిపోతున్న పిట్టల్లో అది ముందు వరసలో ఉంది. అది ఉన్న చోట రోడ్డు వేస్తామంటే కౌన్సిల్లో చేతులెత్తడానికి జంకుతారు. మార్చిలో లెన్ తీసిన ఫొటో వ్యాసం పైన ఉంది. అడవి కోసం ఇంటింటికీ తిరుగుతున్నవాళ్ల కరపత్రాల మీదా అదే, ఊరి పేపర్లోనూ అదే. ఆ ఫొటో నిలిస్తే అడవి నిలుస్తుంది. ఈ సంగతి గదిలో ఉన్న నలుగురికీ తెలుసు.

"వ్యాసంలో నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు," అంది టామ్సిన్. "చర్చా పేజీలో అడిగానంతే. మొన్న గురువారం అడిగినదానికి ఎవరూ జవాబివ్వలేదు. అందుకే వచ్చాను. ఒక్కసారి ఆ ఫొటో పెద్దది చేసి, ముక్కు చూడండి."

బెరిల్ లాప్‌టాప్‌కి గోడ మీది తెర తగిలించే ఉంది. నెలనెలా ఇక్కడ కూర్చుని అందరూ ఒకే పేజీ చూస్తూ దిద్దుతారు కనుక ఆ ఏర్పాటు. ఫొటో గోడ నిండా పరుచుకుంది. కొమ్మ మీద పిట్ట, మెడ కాస్త తిప్పి, ఎవరో పిలిచినట్టు చూస్తోంది.

ఇక్కడ పాఠకులకి ఒక చిక్కు చెప్పాలి. విల్లో పిట్టకి అచ్చు గుద్దినట్టుండే దాయాది ఒకటుంది, మార్ష్ పిట్ట. మార్ష్ అంటే చిత్తడి. పేరే చిత్తడిది గాని ఆ పిట్ట చిత్తడి మొహం చూడదు. పొడినేల మీద పెద్ద పెద్ద ఓక్ అడవుల్లో దాని కాపురం. ఈ పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని జనాన్ని బాగా తికమకపెట్టాడు. ఇవి రెండూ వేరు వేరని ఇక్కడి పండితులకే పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా తెలియలేదు. ఫొటోలో తేడా పట్టాలంటే ముక్కు చూడాలి. మార్ష్ పిట్టకి పైముక్కు మొదట్లో చిన్న తెల్ల చుక్క ఉంటుంది. విల్లో పిట్టకి ఉండదు.

బెరిల్ ఇంకా పెద్దది చేసింది. ముక్కు గోడ మీద చెయ్యంత అయింది. మొదట్లో చుక్క ఉంది. బియ్యపు నూక అంటుకున్నట్టు తెల్లగా, స్పష్టంగా ఉంది.

బెరిల్ మార్చి నుంచి ఈ ఫొటోని రోజూ చూస్తోంది. ముక్కు ఒక్కసారైనా చూడలేదు. లెన్ తీశాడు, లెన్ పెట్టాడు, ఇంక చూడ్డమెందుకు అనుకుంది.

"వాన చినుకై ఉంటుంది," అన్నాడు క్లైవ్.

"చినుకు కాదు క్లైవ్."

"అయితే వెలుగు. ఎండ పడి మెరిసుంటుంది. ఐనా ఈ పిల్ల మాట మనం ఎందుకు వినాలి? జీతం తీసుకుని వచ్చింది. ఆ ముక్క మీదే కొట్టిపారెయ్యొచ్చు. గురువారం దాకా తొక్కిపెట్టు, ఆ తర్వాత తీరిగ్గా చర్చించుకుందాం. రూల్లో ఎక్కడుంది తొందరపడమని?"

"జీతం అమ్మాయి తీసుకుంది. చుక్క తీసుకోలేదు," అంది బెరిల్.

టామ్సిన్ ఆమె వైపు కొంచెం ఆశ్చర్యంగా చూసింది. "ఇంకొకటి కూడా ఉంది. ఎల్లర్‌హోమ్‌లో విల్లో పిట్ట గూడు కడుతోందన్న వాక్యానికి మీరు ఊరి పేపర్ని మూలంగా చూపించారు. ఆ పేపరు వాళ్లకి ఎలా తెలిసింది?"

బెరిల్‌కి అప్పుడు వెలిగింది. పేపరు వాళ్లు వ్యాసంలో ఫొటో చూసి వార్త రాశారు. తాము ఆ వార్త చూపించి వ్యాసంలో వాక్యం రాశారు. అది చుట్టూ తిరిగి మళ్లీ తమ గుమ్మంలోకే వచ్చింది. ఇలాంటి తప్పు వేరేవాళ్లు చేస్తే ఆమె ఎన్నిసార్లు చీల్చి చెండాడిందో లెక్కలేదు. సొంత అడవి దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకుపోయాయి.

ఆ ముగ్గురిలో మూడోవాడు లెన్. పొడుగాటి మనిషి, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, గోడ వైపు కాకుండా కిటికీ వైపు చూస్తున్నాడు. పదకొండేళ్లుగా సర్వస్వంలో అతను పెట్టిన పిట్టల ఫొటోలు వందల పేజీల్లో ఉన్నాయి. "ఏం లెన్, నువ్వేమంటావు?" అని క్లైవ్ అడిగితే, "ముక్కు మీద చుక్క ఉంటే ఉన్నట్టే," అన్నాడు.

పిట్ట పేరు తప్పవడం పెద్ద నేరమేమీ కాదు. మహామహులే పొరబడ్డారు. బెరిల్ ఆ మాట చెప్పి అతన్ని తేలిక పరచాలనే నోరు విప్పబోయింది. ఫొటోని మామూలు సైజుకి తెస్తూ తోక దగ్గర ఆగిపోయింది. తోక వెనకాల, కొంచెం మసగ్గా, కొమ్మకి అంటుకుని రెండు ఎండుటాకులు. అంచులు అలలు అలలుగా ఉన్నాయి. ఓక్ ఆకులు.

ఎల్లర్‌హోమ్‌లో ఓక్ చెట్టు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ వాక్యం వ్యాసంలో ఉంది, మూలంతో సహా. రాసింది బెరిలే.

"టీ నీళ్లు మళ్లీ పెట్టొస్తాను," అని ఆమె లేచింది. "లెన్, ఆ కప్పులు అందుకుని రా."

గది వెనకాల సందులాంటి వంటగది ఉంది. ఒక సింకు, ఒక కెటిల్, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. లెన్ వచ్చాడు గాని కప్పులు తేలేదు. బెరిల్ తలుపు దగ్గరగా వేసింది.

"ఓక్ ఆకులు లెన్."

"ఏ ఆకులు?"

"నా దగ్గర నీళ్లు నమలకు. తోక వెనకాల రెండున్నాయి. నువ్వు చూడలేదంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది."

అతను సింకు అంచుకి ఆనుకున్నాడు. కెటిల్ బుసబుసమనడం మొదలుపెట్టింది.

"మా అక్క వాళ్లింటి దగ్గర తీసింది," అన్నాడు చివరికి. "హెరిఫర్డ్‌లో. చాలా ఏళ్లైంది. అప్పట్లో నాకు రెంటికీ తేడా సరిగా తెలీదు, విల్లో అని పేరు రాసి దాచుకున్నా. ఒట్టు బెరిల్, అది విల్లోనే అనుకున్నా. పిట్ట దగ్గర నేను అబద్ధం ఆడలేదు."

"ఊరి పేరు దగ్గర ఆడావు."

"ఆడాను."

బెరిల్ తనకి కోపం వస్తుందనుకుంది, రాలేదు. అలసట వచ్చింది.

"ఎందుకు?"

"ఎందుకంటే అవి అక్కడున్నాయి గనక. నేను చూశా. మార్చిలో, రెండు. నీ కంచె నుంచి ఎంతో దూరం లేదు, పుచ్చిపోయిన బర్చ్ మొద్దులో ముక్కుతో గూడు తొలుచుకుంటున్నాయి. చెక్కపొట్టు ఒక్కొక్కటే నోట కరుచుకుని అవతల పారేసి వస్తున్నాయి. ఇంత దగ్గరగా జన్మలో చూళ్లేదు. కెమెరా ఎత్తా." లెన్ జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీసి ఆమె ముందు చాపాడు. "ఎత్తితే ఏముంది? పిట్ట సంగతి దేవుడెరుగు, చెట్టే నిలవలేదు అందులో."

చెయ్యి వణుకుతోంది. చలికి వణికే వణుకు కాదది. వేళ్లు వాటి మానాన అవి ఆడుతున్నాయి. బెరిల్ ఆ చేతిని చూసి చాలా రోజులైందని అప్పుడు గుర్తించింది. శనివారాలు లెన్ టీ తాగడం మానేశాడు. కేకు వద్దంటాడు. కోటు విప్పడు. వయసు మీద పడి చలి ఎక్కువైందనుకుంది ఆమె, పిట్టల ఈకలు లెక్కపెట్టే మనిషి.

"ఎప్పట్నించి?"

"రెండు చలికాలాలు. డాక్టరు ఏదో పొడుగాటి పేరు చెప్పాడు. నేను మూలం అడగలేదు." నవ్వబోయాడు గాని నవ్వు కుదరలేదు.

"నాతో చెప్పొచ్చుగా."

"ఏమని? కళ్లారా చూశాను బెరిల్, ఫొటో మాత్రం లేదు అనా? అన్నవాళ్లందర్నీ నువ్వేం చేశావో నాకు తెలీదూ? మొన్న డెవన్ నుంచి రాసిన ఆ ముసలాయన బతిమాలుకుంటుంటే ఏమన్నావు? మీ కళ్లు నాకు మూలం కావు అన్నావు."

బెరిల్ అన్నమాట నిజం. ఇప్పుడైనా మళ్లీ అదే అంటుంది కూడా.

కెటిల్ టక్కుమని ఆగింది. లెన్ గొంతు తగ్గించాడు. "ఫొటో తీసెయ్. తీసెయ్యాల్సిందే, నేను కాదనను. కారణం దగ్గర మాత్రం పిట్ట పేరు తప్పు అని రాయి. అది నిజమే కదా, అబద్ధం కాదు కదా. రెండోది రాయకు. రాశావంటే నా ఫొటోలన్నీ తవ్వుతారు."

"ఈ రెండేళ్లలో నువ్వు పెట్టినవి..."

అతను కెటిల్ వైపు తిరిగాడు.

"అన్నీ పాతవేనా లెన్? పాతవి తీసి కొత్త తేదీలు వేశావా?"

"చాలామటుకు," అన్నాడు. "ఫొటోలు పెట్టకపోతే నేనెవర్ని బెరిల్? శనివారం ఇక్కడికి ఏ మొహం పెట్టుకుని రావాలి?"

లెన్ అంటే బెరిల్‌కి ఇష్టం. భార్య పోయిన మనిషి అతను, పెళ్లి చేసుకోని మనిషి తను, ఇద్దరూ ఒక బురద అడవి గురించి ఏళ్ల తరబడి కామాల దగ్గర, ఫుల్‌స్టాపుల దగ్గర పోట్లాడుకున్నారు. ఆ పోట్లాటలే తన జీవితంలో మంచి రోజులని ఆమెకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఆ మాటకి కూడా మూలం లేదు కదా.

ఆమె టీ పోయలేదు. తలుపు తీసుకుని గదిలోకి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది. లెన్ వెనకాలే వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, చేతులు మళ్లీ జేబుల్లోకి వెళ్లాయి.

"తొక్కిపెడుతున్నావు కదూ?" అన్నాడు క్లైవ్ ఆశగా.

బెరిల్ పేజీ తెరిచింది. ఫొటో తీసేసింది. దాని కింద గూడు గురించిన వాక్యం తీసేసింది, ఊరి పేపరు మూలం తీసేసింది. గోడ మీద పిట్ట ఉన్నచోట తెల్లటి ఖాళీ మిగిలింది. క్లైవ్ బాధగా నిట్టూర్చి, అటు తిరిగి కూర్చున్నాడు.

ఇంక ఒక్కటే మిగిలింది. అక్కడ ఏ మార్పు చేసినా అడుగున ఒక చిన్న పెట్టె ఉంటుంది, దిద్దుబాటు సారాంశం అని. ఈ మార్పు ఎందుకు చేశావో ఒక ముక్కలో రాయాలి. ఖాళీగా వదిలేసినా ఎవరూ అడ్డుపడరు, చాలామంది వదిలేస్తారు కూడా. బెరిల్ మాత్రం ఒక్కసారీ వదల్లేదు. వదిలినవాళ్లని వెంటపడి తిట్టింది. ఆ పెట్టెలో రాసింది మళ్లీ చెరపడానికి ఉండదు, పేజీ చరిత్రలో ఉండిపోతుంది.

ఆమె రాసింది. అక్షరాలు గోడ మీద ఒక్కొక్కటే పడ్డాయి. 'చిత్రంలో ఉన్నది మార్ష్ పిట్ట.'

టామ్సిన్ తల ఊపింది. "అంతే. నేనడిగింది అంతే," అంది.

"నొక్కెయ్ ఇంక," అన్నాడు క్లైవ్. "మనల్ని మనమే ముంచుకున్నాం, ఇంక ఆలస్యమెందుకు?"

బెరిల్ నొక్కలేదు. అక్కడ ఇంకో రూలు కూడా ఉంది. ఎదుటి మనిషి మంచిమనసుతోనే చేశాడని అనుకోవాలి. మార్ష్ పిట్ట అని ఆపేస్తే అందరూ అలాగే అనుకుంటారు. లెన్ పొరబడ్డాడు, పాపం, ఎవరికైనా జరుగుతుంది అంటారు. వచ్చే శనివారం అతను మళ్లీ వస్తాడు, కిటికీ దగ్గర నిలబడతాడు. ఆమెకి అదే కావాలి. కావాలని మనసు ఎంత గట్టిగా లాగుతోందో ఆమెకి తెలుస్తూనే ఉంది.

కాని ఏ పిట్ట ఏ ఊళ్లో ఏ నెలలో ఉందో ఆ ఫొటోలు చూసి లెక్కలు వేసుకునేవాళ్లున్నారు. వాళ్లకి ఆమె మొహం తెలీదు, లెన్ మొహం తెలీదు. గోడ అవతల ఉన్న ఆ మనుషుల కోసమే కదా ఇన్నాళ్లూ కత్తెర పట్టింది. వాళ్లకి సగం చెప్పి సగం దాస్తే ఇంక ఎవరి వాక్యం కత్తిరించే హక్కూ తనకి ఉండదు. బెరిల్ ఇంకోసారి కీబోర్డు మీద వేళ్లు పెట్టింది.

'ఎల్లర్‌హోమ్‌లో తీసింది కాదు.'

సేవ్ నొక్కింది.

క్లైవ్ గోడ వైపు తిరిగి, రెండో వాక్యం పెదాలు కదుపుతూ చదివాడు. మళ్లీ చదివాడు. "ఇదేంటి?" అన్నాడు. "లెన్, ఇదేంటి నాయనా? కాదని చెప్పు."

"అవును క్లైవ్, ఇక్కడ తీసింది కాదు," అన్నాడు లెన్.

"నీకు బుద్ధుందా బెరిల్?" క్లైవ్ మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్ల మనిషిని గోడ మీద ఎక్కిస్తావా? పక్కకి పిలిచి చెప్పలేకపోయావా?"

"పక్కకి పిలిచే చెప్పాను," అంది బెరిల్.

లెన్ కోటు గుండీలు పెట్టుకోబోయాడు. మొదటి గుండీ దొరకలేదు. రెండోసారీ దొరకలేదు. ఇప్పుడు అందరూ ఆ చేతుల్నే చూస్తున్నారు. క్లైవ్ మాట్లాడకుండా లేచి వెళ్లి, చిన్నపిల్లాడికి పెట్టినట్టు ఒక్కొక్క గుండీ పెట్టాడు. లెన్ అలా నిలబడి పెట్టించుకున్నాడు.

"నువ్వు రాస్తావని నాకు తెలుసు," అన్నాడు బెరిల్‌తో. "ఐనా అడిగి చూశా."

"లెన్..."

"వద్దులే. నేను నీ చోట ఉంటే రాసేవాణ్ని కాదు. అందుకే కత్తెర నీ చేతికొచ్చింది." అతను గుమ్మం దాటాడు. క్లైవ్ కేకు డబ్బా కూడా వదిలేసి, "ఉండు, నేను దింపుతా," అంటూ వెనకాల పరిగెత్తాడు. మెట్ల మీద రెండు జతల అడుగులు దిగిపోయాయి.

బెరిల్ లేవలేదు. లేస్తే ఏడుపొస్తుందని కూర్చునే ఉంది. తెర మీద వ్యాసం అలాగే ఉంది, బురద గురించీ ఆల్డర్ చెట్ల గురించీ నిక్కచ్చిగా, ఒక్క పిట్ట కూడా లేకుండా. గురువారం కౌన్సిల్లో ఎవరైనా తెరిచి చూస్తే కనపడేది ఇదే.

"నీ పనైపోయిందిగా అమ్మాయ్," అంది, తల తిప్పకుండానే. "వెళ్లు. మీవాళ్లకి చెప్పు, పండగ చేసుకుంటారు."

టామ్సిన్ కదల్లేదు. గొడుగు మూలన అలాగే ఉంది. "మొదటి వాక్యంతో ఆపుతారనుకున్నాను," అంది.

"ఆపితే?"

"ఆపితే నేను థాంక్స్ చెప్పి వెళ్లిపోయేదాన్ని. మీరూ మాలాంటివాళ్లే అనుకుని హాయిగా నిద్రపోయేదాన్ని."

బెరిల్ అప్పుడు తిరిగి చూసింది. పిల్ల మొహం పాలిపోయి ఉంది. వానకోటు జేబులోంచి ఫోను తీసి, బల్ల మీద పెట్టి, కేకు డబ్బా పక్కకి జరిపింది. తలుపు మూసి ఉందో లేదో చూసుకుంది. ఆ తర్వాత ఫోను తెర మీద వేలు పెట్టింది.

ముందు గాలి హోరు. బురదలో బూట్లు పడుతున్న చప్పుడు. ఎవరో మగమనిషి 'ష్' అనడం. ఆ వెనకాల, దగ్గర్లోనే, ముక్కుతో సాగదీసి విసుక్కుంటున్నట్టు ఒక గొంతు. చేయ్... చేయ్... చేయ్... మార్ష్ పిట్ట ఐతే తుమ్మినట్టు పిచూ అంటుంది. ఇలా ఈసడించేది ఒక్క విల్లో పిట్టే. బెరిల్ చిన్నప్పటి నుంచీ ఆ గొంతు కోసం చెవులు రిక్కించి, జీవితంలో నాలుగైదుసార్లు మాత్రమే విన్నది.

"ఎక్కడిది?" అంది.

"ఎల్లర్‌హోమ్. పోయిన నెల మా సర్వేలో నేనే రికార్డు చేశాను. ఒకటి కాదు, జంట. బర్చ్ మొద్దు తొలుస్తున్నాయి."

లెన్ నిజమే చూశాడు. వణికే చేతులతో, ఖాళీ కెమెరాతో, నిజమే చూశాడు. ఆ నిజం చూసిన మనిషిని తాను ఇప్పుడే మెట్లు దింపింది. బెరిల్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఏదేదో అనాలనుకుంది. క్లైవ్‌ని కేకెయ్యాలనుకుంది. నోటికొచ్చింది మాత్రం ఇన్నేళ్లుగా అలవాటైపోయిన ప్రశ్నే.

"ఇది ఎక్కడైనా అచ్చయిందా? మీ నివేదికలో ఉందా?"

టామ్సిన్ ఫోను తీసి జేబులో వేసుకుంది.

"లేదు. అచ్చు కాకుండా చూడ్డానికే నాకు జీతం ఇస్తున్నారు."